టార్చి వెలగలేదు

ఆ హాల్లో ఎవరినీ పేరుపెట్టి పిలవరు. చొక్కాలో ఎవరు ఏ ముక్క కుడితే వాళ్లకు అదే పేరు. జేబులు కుట్టే ఆవిడ జేబులక్క. కాజాలు కుట్టే పెద్దావిడ కాజాల పిన్ని. ఇస్త్రీ చేసే ఒక్క మగమనిషి ఇస్త్రీ బాబాయి. కాలర్లు కుట్టే అమ్మాయికి మాత్రం వరసా లేదు, ఏమీ లేదు. ఉట్టి కాలరు. వయసులో చిన్నది, తనంతట తాను నోరు మెదపదు. “కాలరూ, కత్తెర ఇటివ్వు” అంటే ఇస్తుంది. అంతకుమించి ఎవరికీ ఆమెతో పని పడేది కాదు.

హాలు నేలమాళిగలో ఉంది. కిటికీ అన్నది లేదు. పొద్దున మెట్లు దిగితే సాయంత్రం మెట్లెక్కేదాకా ట్యూబులైట్ల వెలుగే. పైన ఎండో వానో తెలియదని మిగతావాళ్లు విసుక్కునేవారు. కాలరుకు మాత్రం అదే హాయి. పొద్దు వాలిందంటే ఆమెకు లోకం మూతపడిపోతుంది. చిన్నప్పుడు రేచీకటి అన్నారు. ఆకుకూరలు తింటే పోతుందన్నారు. తింది, పోలేదు. పెద్దయ్యాక కళ్ల డాక్టరు అసలు సంగతి చెప్పాడు. ఇది తిండి లోపం కాదు, పుట్టుకతో వచ్చింది. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కచూపు పోతుంది, నడిమధ్య చూపు చాలాకాలం నిలుస్తుంది. “గొట్టంలోంచి చూసినట్టు అవుతుందమ్మా” అన్నాడు. ఆయన ఆ మాట అనేసరికే ఆమెకు అలా ఉంది. కాలరు కుట్టడానికి సూది కింద వేలెడంత మేర కనిపిస్తే చాలు. ఆ వేలెడంత మేరలో ఆమె కుట్టు గీత గీసినట్టు ఉండేది.

సంగతి తెలిసింది అక్క ఒక్కదానికే. అక్క ఇంట్లో పడుకోవడానికి చోటూ, బావ నోట్లో మంచిమాటా, రెండూ ఈ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. ఉద్యోగం ఎన్నాళ్లుంటుందంటే, హాల్లో ఈ సంగతి తెలియనన్నాళ్లు. అంతకుముందు చొక్కా చేతులు కుట్టే మామ్మ ఒకావిడ ఉండేది. ఒకరోజు కొత్త కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, “కళ్లు బాగుచేయించుకున్నానర్రా” అని పాపం మిషను మిషనుకూ తిరిగి చూపించుకుంది. ఆ వారంలోనే హాలు నడిపే సారు ఆవిణ్ణి గదిలోకి పిలిచి, “ఇక విశ్రాంతి తీసుకో మామ్మా” అన్నాడు. అద్దాలు పెట్టుకున్న మనిషికే విశ్రాంతి ఇస్తే తనకు ఏమిస్తారో కాలరు వేరే అడిగి తెలుసుకోవాల్సిన పనిలేదు. పొద్దుండగానే ఇంటికి బయల్దేరేది. ఎవరైనా ఆపితే తలనొప్పనేది.

అలా ఉండగా, ఎక్కడో ఇలాంటి కుట్టు హాలే ఒకటి తగలబడింది. సర్కారు ఆఫీసరు ఒకాయన వచ్చి, ప్రమాదం వస్తే జనం బయటపడే ఏర్పాటు చేయమని సారుకు గట్టిగా చెప్పి వెళ్లాడు. ఏర్పాటు అనగానే సారుకు తోచింది టార్చిలైటు. మర్నాడే టార్చిలమ్మే ఆయన సంచి నిండా సరుకు వేసుకుని దిగాడు. బక్కమనిషి, ఓపికమంతుడు. కటింగు బల్ల మీద టార్చిలు వరసగా పేర్చాడు. కాలరు తప్ప ఆడవాళ్లంతా మిషన్లు ఆపి మూగారు.

“ఇందులో గులాబీ రంగు లేదా?” అంది జేబులక్క.

“వెలుగు చూడమ్మా, రంగెందుకు?”

“వెలుగేముంది, అన్నీ వెలిగేవే కదా. చూడ్డానికి బాగుండొద్దూ?”

ఒకావిడ టార్చి మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఎర్రగా కనిపిస్తోందని మురిసిపోయింది. ఇంకొకావిడ దాన్ని తిన్నగా పక్కావిడ కళ్లలోకి వేసి, “బాబోయ్, గట్టిదే!” అంది. తెలివి గల ఆవిడ ఒకరు దీంతో ఫోను ఛార్జింగు పెట్టుకోవచ్చా అని అడిగింది. ట్యూబులైట్ల కింద నిలబడి చీకటికి పనికొచ్చే వస్తువును ఎంచుతున్నామని ఒక్కరికీ తోచలేదు.

“మీ ఇళ్లల్లో టార్చి ఉందా అసలు?” అన్నాడాయన.

“లేకేం! ఉంది” అన్నారంతా.

“సెల్లులున్నాయా అందులో?”

కాజాల పిన్ని ఫక్కున నవ్వింది. “ఉండేవి నాయనా. టీవీ రిమోటులో అయిపోతే తీసి అందులో వేశాం. రిమోటులో పాతవి తీసి టార్చిలో వేశాం. దేని కడుపూ ఖాళీగా ఉంచలేదు.”

హాలంతా నవ్వు. టార్చిలాయన కూడా నవ్వాడు. “అందరిళ్లల్లో అంతేనమ్మా. కరెంటు పోయిన రోజు నొక్కి చూసి, వెలగకపోతే నన్ను తిడతారు.”

సారుకు ఈ మాటలన్నీ కాలయాపనగా తోచాయి. “చీకట్లో చూద్దాం” అని, ఎవరికీ చెప్పకుండా మెయిను స్విచ్చి దించేశాడు.

ఒక్కసారిగా కేకలు. బల్లలు కదిలిన చప్పుడు. ఎవరో ఎవరి కాలో తొక్కారు. టార్చిలున్న బల్ల దగ్గరే నిలబడ్డవాళ్లకు కూడా టార్చి చేతికి దొరకలేదు, దొరికినా మీట ఎటుందో తెలియలేదు. “సారూ, లైటెయ్యండి!” అని జేబులక్క ఏడుపు గొంతుతో అరుస్తోంది.

కాలరు తన మిషను దగ్గర్నుంచి లేచింది. ఆమెకు కొత్తగా చీకటి పడింది లేదు. ఎడమచేత్తో ఇనుప స్తంభం తాకింది. అక్కణ్ణుంచి ఇస్త్రీ బల్ల, దాని వెచ్చటి అంచు. బల్ల అయిపోయినచోట గోడ చల్లగా తగులుతుంది, అవతల కుళాయి ఉంది కనుక. కుళాయి దాటితే సన్నటి నడవా, నడవా చివర, పల్లంలో ఉన్న సందులోకి తెరుచుకునే వెనక తలుపు. వెళ్లి గడియ తీసింది. పగటి వెలుగు భళ్లున లోపలికి వచ్చింది. వెనక్కి తిరిగేసరికి అందరూ ఆమెనే చూస్తున్నారు. నోరు లేని కాలరు గుమ్మంలో నిలబడి ఉంది.

“శభాష్!” అన్నాడు సారు. “పిల్లికళ్లే నీవి!”

ఆ రోజే నిర్ణయమైపోయింది. ప్రమాదం వస్తే ముందు నడవాల్సింది కాలరు. ఆమె భుజం పట్టుకుని కాజాల పిన్ని, పిన్ని భుజం పట్టుకుని జేబులక్క, అలా అందరూ గొలుసుకట్టుగా వెనక తలుపు గుండా బయటపడాలి. మెడలో వేసుకోవడానికి తాడు కట్టిన టార్చి ఇచ్చారు. తలుపు పక్కన గోడకు ఆమె ఫొటో కూడా అంటించారు.

వద్దని చెప్పవచ్చు. చెబితే ఎందుకని అడుగుతారు. ఆ ఎందుకుకు జవాబు ఆమె దగ్గర ఒక్కటే ఉంది, అది చెప్పేది కాదు. కానీ నిజం చెప్పాలంటే భయం ఒక్కటే కాదు. ఆ చీకట్లో కాసేపు అందరూ తనలాంటివాళ్లే అయ్యారు, తను వాళ్లకంటే మేలైంది. అంతమంది నోట మంచి అనిపించుకోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ రుచి నాలుకను వదల్లేదు.

అక్కకు చెబితే అక్క గుండెలు బాదుకుంది. “నీకేమైనా మతి ఉందా? నిన్ను నమ్ముకుని అంతమంది నడుస్తారే!”

“దారి నాకు తెలుసక్కా. కళ్లతో పనిలేదు.”

“దారి ఎప్పుడూ ఒకేలా ఉంటుందా?”

బావ మాత్రం సంబరపడ్డాడు. “మా మరదలు లీడరు” అని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాడు.

ప్రతి శనివారం మధ్యాహ్నం దీపాలార్పి నడిపించేవారు. ప్రతిసారీ గొలుసు తెగకుండా బయటికి వచ్చేది. టార్చి వెలిగించి ఎత్తి పట్టుకోమన్నారు కనుక పట్టుకునేది. ఆ వెలుగులో ఆమెకు కనిపించేది ఎదురుగా రూపాయి బిళ్లంత మేర, అంతే. నడిచేది చేతితోనే. ఒకసారి, “టార్చి లేకుండా బల్లలు తడుముకుంటూ మీరూ నేర్చుకోండి” అని నోరు తెరిచి అంది. “టార్చి ఉండగా తడుముకోవడం దేనికే, గుడ్డివాళ్లలాగా?” అంది జేబులక్క. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు, తయారైన చొక్కాల కోసం లారీ రావాల్సి ఉంది, రాలేదు. పొద్దుటి నుంచి కట్టిన అట్టపెట్టెలు ముందు మెట్ల దగ్గర అడ్డమవుతున్నాయని సారు వాటిని వెనక నడవాలోకి తోయించాడు. నడుమెత్తు పెట్టెలు, ఇనుప పట్టీలు బిగించినవి. నీళ్లకని వెళ్లినవాళ్లంతా వాటిని చూశారు. కొందరు ఒళ్లు మడుచుకుని, పక్కనుంచి దూరి, వెనక తలుపు దాకా వెళ్లొచ్చారు. కాలరు కాలర్లు కుడుతూ మిషను దగ్గర్నుంచి లేవలేదు, అన్నం కూడా అక్కడే తిని సీసా నీళ్లతో చెయ్యి కడుక్కుంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఎవరికి తోస్తుంది? కళ్లున్న మనిషికి దారిలో పెట్టెలున్నాయని ఎవరు చెబుతారు?

మధ్యాహ్నం అన్నాలు తిని కూర్చున్నాక ముందు మెట్ల పక్కనున్న కరెంటు బోర్డు చిటపటలాడింది. కాలిన వైరు కంపు. దీపాలన్నీ ఆరిపోయాయి. సన్నగా పొగ.

“కాలరూ!” అని అరిచారు ఎవరో. తర్వాత అందరూ అదే అరిచారు.

ఆమె లేచింది. టార్చి వెలిగించింది, ఎత్తి పట్టుకుంది. భుజం మీద పిన్ని చెయ్యి పడింది. స్తంభం. ఇస్త్రీ బల్ల. చల్లటి గోడ. కుళాయి. తలుపు ఉండాల్సిన ఎత్తున చూపు నిలిపి, నడవాలోకి మలుపు తిరిగి, అలవాటైన వడిలో నడిచింది.

పెట్టెలు ఆమె పొట్టలోకి గుద్దుకున్నాయి. బోర్లా పడింది. వెనకాల పిన్ని, పిన్ని మీద జేబులక్క, వాళ్ల మీద వెనకవాళ్లు. ఇనుప పట్టీకీ మనుషుల బరువుకూ మధ్య పిన్ని కుడిచెయ్యి ఇరుక్కుంది. పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు కాలరు చెవి పక్కనే వినిపించింది. ఇస్త్రీ బాబాయి పెట్టెలెక్కి అవతలికి దూకి తలుపు తన్నాడు. వెలుతురు వచ్చాక ఒకరినొకరు లాక్కుని బయటపడ్డారు. బోర్డులో మంట దానంతటదే ఆరిపోయింది. ప్రాణాలు పోలేదు. పిన్ని ఒక్కతే నేలమీద కూర్చుని, వేలాడుతున్న మణికట్టును ఒళ్లో పెట్టుకుని, చంటిబిడ్డను చూసినట్టు చూస్తోంది.

“అంత వెలుగులో పెట్టెలు కనిపించలేదే నీకు?” అంది జేబులక్క రొప్పుతూ. “నువ్వు పక్కకి తిరుగుతావనే అనుకున్నాం!”

మర్నాడు ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. అతను రాకముందే సారు కాలరును గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఎప్పుడూ అనడు.

“నా వైపే చూడు” అన్నాడు. ఆమె చూసింది. సారు చెయ్యి పక్కకు చాపాడు. “ఈ చేతిలో ఏముంది?”

ఆమెకు సారు ముక్కు కనిపిస్తోంది, మీసం కనిపిస్తోంది. చెయ్యి ఉందో లేదో కూడా తెలియలేదు. తల తిప్పి వెతికింది.

“నేనూ అదే అనుకున్నా” అన్నాడు సారు. కోపం లేదు గొంతులో. సరుకు నాణ్యం చూసి బేరానికి దిగేవాడి నెమ్మది ఉంది. “చూడమ్మా. నడవాలో పెట్టెలున్నాయని తెలిస్తే ఆఫీసరు హాలుకు తాళం వేస్తాడు. అందరి పొట్టా కొట్టినట్టే. నీ సంగతి తెలిస్తే నీ పొట్ట ఒక్కటే. కానీ నాకు నువ్వు కావాలి. నీలా కాలరు కుట్టేవాళ్లు దొరకరు. ఇద్దరం బాగుపడే మాట ఒకటుంది.”

“ఏం మాట సార్?”

“టార్చి వెలగలేదను. అంతే. చీకట్లో కంగారుపడి ఒకరి మీద ఒకరు పడ్డారు. పెట్టెల మాట రాదు, నీ కళ్ల మాటా రాదు.”

“పిన్ని చూసింది కదా సార్, వెలుగు?”

“పిన్ని సంగతి నేను చూసుకుంటా.”

ఆమె కళ్లముందు బావ ముఖం మెదిలింది. అక్క ఇంట్లో పక్క వేసుకునే మూల మెదిలింది. మామ్మ కొత్త కళ్లద్దాలు మెదిలాయి. పిన్ని మణికట్టు కూడా మెదిలింది, కానీ చివర్న.

ఆఫీసరు వచ్చేసరికి నడవా తుడిచిన అద్దంలా ఉంది. అతను టార్చి అందుకుని మీట నొక్కాడు. శుభ్రంగా వెలిగింది.

“వెలుగుతోందే?” అన్నాడు ఆఫీసరు.

“ఒకోసారి వెలుగుతుంది సార్, ఒకోసారి మొండికేస్తుంది” అన్నాడు సారు తడుముకోకుండా. “నాసిరకం అంటగట్టాడు సార్.”

“ఏమ్మా? నిన్న వెలగలేదా?”

“వెలగలేదండీ” అంది కాలరు.

ఆఫీసరు తలూపాడు. “మా ఇంట్లో దానిదీ ఇదే రోగం. నెత్తిమీద నాలుగు దెబ్బలేస్తే గానీ కళ్లు తెరవదు” అని నవ్వాడు. సారు నవ్వాడు. పక్కనున్న గుమాస్తా తన ఇంటి టార్చి కథ ఎత్తుకున్నాడు. టార్చి వెలగలేదంటే నమ్మని మనిషి లోకంలో లేడు. ప్రతివాడి ఇంట్లోనూ సాక్ష్యం ఉంది. సాయంత్రానికి హాల్లోవాళ్ల జ్ఞాపకం కూడా దారిలోకి వచ్చింది. “అవునే, మిణుకుమిణుకుమంది” అన్నారొకరు. “అసలు వెలిగిందంటావా? నాకు అనుమానమే” అంది జేబులక్క. అంత వెలుగులో కనిపించలేదా అని నిన్న అడిగిన నోరే అది.

టార్చిలాయన్ని పిలిపించి అందరి ముందూ నిలబెట్టారు. పాపం, ఆయన ఆ టార్చినే నొక్కుతూ, ఆర్పుతూ, మళ్లీ నొక్కుతూ, “చూడండి సార్, చూడండమ్మా” అంటూనే ఉన్నాడు. ఇప్పుడు వెలిగితే ఏం లాభం అన్నారంతా. చివరికి కాలరు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

“నువ్వు చెప్పు తల్లీ. నిజంగానే వెలగలేదా?”

“లేదు” అంది. ఆయన ముఖం ఆమె చూపు మేరలోనే ఉంది. పక్కకు జరిగి ఉంటే కనిపించేది కాదు.

ఆయన సంచి సర్దుకున్నాడు. పాత టార్చిలన్నిటికీ బదులు ఇంకా పెద్దవి తెచ్చి ఇస్తానని ఒప్పుకుని మెట్లెక్కాడు.

ఆదివారం కాలరు పిన్ని ఇంటికి వెళ్లింది. ఒక్క గది ఇల్లు. పిన్ని కట్టుకట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎడమచేత్తో స్టూలు జరిపింది. కాలరు తెచ్చిన పళ్లు కింద పెట్టి చాలాసేపు కూర్చుంది. చివరికి పిన్నే మాట ఎత్తింది.

“వెలుగు నీ నెత్తి మీదుగా తిన్నగా పెట్టెల మీద పడింది. వాటికి అంటించిన కాగితం కూడా కనిపించింది నాకు. నువ్వు ఆగుతావు ఆగుతావు అనుకుంటూనే ఉన్నా.”

“మరి ఆఫీసరుకు చెప్పలేదేం పిన్నీ?”

“చెయ్యి బాగైతే మళ్లీ మిషను ఇస్తానన్నారు సారు. టార్చి వెలగలేదంటేనే ఇస్తారట.” పిన్ని కట్టులోంచి బయటికి వచ్చిన వేళ్లు కదిపి చూసింది. రెండు కదిలాయి. “కాజా ఈ వేళ్లతోనే తిప్పాలి. డాక్టరు ఏం చెప్పడు. సారూ ఏం చెప్పడు. అందరూ చూద్దాం అంటారు.”

“పిన్నీ, నేను...”

“ఎప్పట్నుంచి నీకు?”

“చిన్నప్పట్నుంచీ.”

“ప్రతి శనివారం నీ భుజం పట్టుకుని నడిచానే! మా అమ్మాయి కంటే నయం ఈ పిల్ల, నోరు లేకపోయినా నెమ్మదైనది అనుకున్నానే.” పిన్ని గొంతు పెంచలేదు. “నాకు ఒక్కదానికి చెబితే ఏం పోయేది? నీ ముందు నేను నడిచేదాన్ని. నువ్వు చెయ్యి పట్టి దారి చెబితే నేను కళ్లతో చూసేదాన్ని. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయ్యేవాళ్లం.”

కాలరు ముఖం పక్కకు తిప్పుకుంది. గుమ్మం వైపు చూస్తే బయట పొద్దు వాలిపోయింది. అనుకున్నదానికంటే ఎక్కువసేపు కూర్చుంది. వీధి అంచులు అప్పుడే చెరిగిపోతున్నాయి. లేచింది. గుమ్మం దగ్గర కాలు వేయబోయి ఆగింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. సాయం రమ్మని అడిగే ముఖం లేదు.

పిన్ని అది చూసింది. తర్వాత పైట నడుంలో దోపుకుని, చెప్పులు తొడుక్కుని, ఎడమచేత్తో కాలరు మోచెయ్యి పట్టుకుంది. వీధిలోకి నడిపించింది. కాలువ పలక దగ్గర, “కాలెత్తు” అంది. బస్టాపు చేరాక చెయ్యి వదిలేసింది.

“ప్రేమ అనుకోకు” అంది పిన్ని. “ఎక్కడైనా పడితే మళ్లీ ఇంకెవర్నో వెంటేసుకుని పడతావు.”

కాలరు తల వంచుకుంది.

“కొత్త టార్చిలు వచ్చాయటగా?”

“రేపు వస్తాయి.”

“ఎవరికిస్తారట, ముందు నడిచేది?”

“నాకే.”

“వద్దనలేదా?”

కాలరు రోడ్డు వైపు తిరిగింది. బస్సు ఒకటి వచ్చి ఆగింది. దాని దీపాలు కాలరు కళ్లకు రెండు మసక ముద్దలుగా కనిపించాయి. గబగబా అటు అడుగేసింది.

“ఇది నీది కాదు” అంది పిన్ని వెనకనుంచి. “ఆగు.”